కొనే ముందు బాగుచేసే మనిషి ఎక్కడున్నాడో చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. విజయవాడ పటమటలో కొత్త ఫ్లాటు, ఏడేళ్ల పాప, మీతో ఉండే అత్తగారు. ఇంటి అలంకరణ భూమికి భారం కాకూడదని మీ పట్టుదల. దుకాణంలో ‘ఎకో’ అని ముద్ర వేసిన వెదురు రంగు గోడ పలకలు, చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పార్టికల్ బోర్డు అల్మరాలు, ప్లాస్టిక్ ఆకుల తీగలు చూపించారని, తీసుకోవచ్చా అని అడిగారు. అత్తగారి పాత టేకు బీరువా, నవారు మంచం ఎవరికైనా ఇచ్చేయాలా అన్నది రెండో ప్రశ్న. గుంటూరు, విజయవాడల్లో 22 ఏళ్లుగా ఇళ్ల లోపలి పనులు చేయిస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

వస్తువు దేనితో తయారైందని అందరూ అడుగుతారు, అడగాలి కూడా. నేను మాత్రం అంతకంటే ముందు ఇంకొకటి అడుగుతాను. ఇది విరిగితే, చిరిగితే, తడిస్తే, బాగుచేసే మనిషి మనకు అందుబాటులో ఉన్నాడా? ఉంటే ఆ వస్తువు పది కాలాలపాటు ఇంట్లో నిలుస్తుంది. లేకపోతే ఎంత పచ్చటి ముద్ర వేసినా మూన్నాళ్ల ముచ్చటై చెత్తకుప్పకే చేరుతుంది.

ఈ సంగతి నాకు బుడమేరు నేర్పింది. 2024 సెప్టెంబరు మొదట్లో ఆ వాగు పొంగి సింగ్‌నగర్ చుట్టుపక్కల కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయాయి, మీకు గుర్తుండే ఉంటుంది. అక్కడ ఒక ఇంటికి అంతకు నాలుగేళ్ల ముందు అల్మరాలు, టీవీ పెట్టే గోడ, రెండు మంచాలు నేనే చేయించాను. నీళ్లు తీశాక వెళ్లి చూశాను. పార్టికల్ బోర్డు అడుగు పలకలు ఉబ్బి రెండింతల మందమయ్యాయి. తలుపులు మూసుకోవడం లేదు, పైన అంటించిన సన్‌మైకా పొరలు అరటి పట్టల్లా లేచిపోయాయి. ఒక పలక అంచును వేళ్లతో నొక్కితే తడిసిన తవుడులా రాలింది. చేసిన సామాను అంతా ట్రాక్టరులోకి ఎత్తించాం. ఒక్క పలక కూడా వాడుకకు పనికిరాలేదు.

అదే ఇంట్లో ముందు గదిలో పెద్దావిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న టేకు బీరువా ఉంది. అడుగు నుంచి రెండున్నర అడుగుల ఎత్తు వరకు బురద గీత. బందులు తుప్పు పట్టాయి, ఒక తలుపు వంగింది. మా వడ్రంగి తలుపులు ఊడదీసి మంచి నీళ్లతో కడిగాడు. ఎండలో పెడితే పగులుతుందని నీడలో, గాలి ఆడేలా ఇటుకల మీద ఐదు వారాలు ఆరబెట్టాడు. అడుగు పలక ఒక్కటి తీసేసి పాత టేకు ముక్క వేశాడు. వంగిన తలుపుకు చిత్రిక పట్టాడు. మేకులు లేకుండా ఒక చెక్కలో ఇంకో చెక్కను దూర్చి బిగించిన కూర్పు కాబట్టి దాన్ని విప్పగలిగాడు, మళ్లీ బిగించగలిగాడు. దీపావళి నాటికి ఆ బీరువాలో చీరలు సర్దుకున్నారు. ఆ రోజు నుంచి నేను పార్టికల్ బోర్డుతో ఎవరికీ ఏమీ చేయించడం లేదు.

ఇక మీకు చూపించిన వెదురు రంగు పలకల సంగతి. వాటి వెనక వైపు తిప్పి చూడమని, చిన్న ముక్క విరిచి ఇమ్మని అడగండి. చాలావాటిలో వెదురు ఉండదు. చెక్కపొడిని ప్లాస్టిక్‌తో కలిపి పోత పోసినవో, పూర్తిగా పీవీసీతో చేసి పైన వెదురు గీతలు అచ్చు వేసినవో ఉంటాయి. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడం అంటే ఇదే. చెక్క, ప్లాస్టిక్ అలా కలిసిపోయాక మళ్లీ విడదీయడం కష్టం, తిరిగి వాడుకోవడమూ కష్టమే. ఇలాంటి పదార్థాన్ని పూర్తిగా కొట్టిపారేయను. స్నానాల గది తలుపుకు నేనే వాడుతున్నాను, ఎందుకంటే అక్కడ చెక్క నిలవదు, చెదలూ నీళ్లూ దీన్ని ఏమీ చేయవు. హాలులో గోడ అందం కోసం మాత్రం వద్దు. ఫ్యాషన్ మారినప్పుడు మొదట ఊడదీసేది దాన్నే.

నిజమైన వెదురు కావాలంటే మేదరి పనివారి దగ్గర తెర, బుట్ట, దీపానికి తొడిగే బుట్ట చేయించుకోండి. ఒక్క జాగ్రత్త. వెదురులో పిండి పదార్థం ఉంటుంది, దాని కోసం పురుగు తొలుస్తుంది. కింద సన్నటి పసుపు రంగు పొడి రాలుతుంటే పురుగు పట్టినట్టే. వెలిగారం, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరబెట్టిన వెదురు అయితే ఆ బెడద తగ్గుతుంది. కొనేటప్పుడు ఆ మాట అడిగితే తెలిసిన పనివారు వెంటనే చెబుతారు.

అల్మరాలు లేకుండా ఫ్లాటులో గడవదు కదా అంటారు. నిజమే. కానీ గోడ నిండా చేయించకండి, అవసరమైన చోటే చేయించండి. పార్టికల్ బోర్డులోనూ, చెక్క నారను అదిమి చేసిన ఎండీఎఫ్‌లోనూ, తేమను కొంతవరకే తట్టుకునే మామూలు ఎంఆర్ ప్లైవుడ్‌లోనూ ఎక్కువగా వాడేది యూరియా ఫార్మాల్డిహైడ్ జిగురు. అది కొత్తలో నెలల తరబడి ఫార్మాల్డిహైడ్ వాయువును గదిలోకి వదులుతుంది. వేడి, తేమ పెరిగితే ఇంకా ఎక్కువ వదులుతుంది, మన ఊళ్లో ఆ రెండింటికీ కొదవ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2004లోనే ఆ వాయువును మనుషులకు క్యాన్సర్ కలిగించేవాటి జాబితాలో చేర్చింది. కొత్త అల్మరా తెరవగానే కళ్లు మండితే దాని ఘాటే అనుకోవచ్చు. అందుకే పాప గదిలో వీలైతే పాత గట్టి చెక్క సామానే పెట్టండి. వంటగదికి, సింకు కిందికి ప్లైవుడ్ తప్పదంటే బీడబ్ల్యూపీ రకం, ఐఎస్ 710 ముద్ర ఉన్నది తీసుకోండి. దాని జిగురు ఫినాల్ రకం, మరిగే నీళ్లకు కూడా పొర విడదు. ఫార్మాల్డిహైడ్ ఎంత తక్కువ వదులుతుందో చెప్పే గుర్తుల్లో ఈ1 కంటే ఈ0 అని రాసి ఉన్నది మేలు. కోసిన అంచులన్నిటికీ పట్టీ అంటించారో లేదో మీరే కూర్చుని ప్రతి అరా వేలితో తడిమి చూడండి. వాయువు బయటికి వచ్చేది, నీరు లోపలికి పోయేది ఎక్కువగా ఆ అంచుల నుంచే.

కొత్త టేకు కొనేకంటే పాత టేకు నయం. పాత ఇళ్లు పడగొట్టినప్పుడు వచ్చిన తలుపులు, కిటికీలు, దూలాలు అమ్మే దుకాణాలు రెండు ఊళ్లలోనూ ఉన్నాయి. ఆ కలప దశాబ్దాలపాటు ఆరి ఉంటుంది కాబట్టి ఇక వంకర పోయేది తక్కువ. గట్టిగా తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తే చెదలు తిన్నట్టు. మూలన కొద్దిగా గీకిస్తే ముదురు రంగు చేవ కనబడాలి. పాలిపోయిన రంగుంటే వదిలేయండి. ఒక పాత కిటికీ చట్రానికి అద్దం బిగిస్తే హాలుకు కొత్త అలంకరణ ఇంకేమీ అక్కరలేదు.

కంటికి ఇంపుగా నాలుగు వస్తువులు ఉండాలి కదా, అవి దూరం నుంచి తెప్పించనక్కరలేదు. మీ ఇంటి నుంచి గంట ప్రయాణంలో కొండపల్లి ఉంది. అక్కడి బొమ్మల గురించి కొంచెం ఎక్కువ చెప్పాలనిపిస్తోంది.

మా ఇంట్లో ఒక అంబారీ ఏనుగు ఉంది, నా పెళ్లినాటిది. సంక్రాంతి బొమ్మల కొలువు సర్దుతుంటే జారిపడి తొండం విరిగింది. విరిగిన ముక్కను రుమాలులో చుట్టి కొండపల్లి తీసుకెళ్లాను. బొమ్మల వీధిలో ఒక అరుగు మీద పెద్దాయన పని చేసుకుంటున్నాడు. ఏనుగును చేతిలోకి తీసుకుని బరువు చూసి, మంచి పొణికి అన్నాడు. కొండపల్లి బొమ్మలు చెక్కేది తెల్ల పొణికి చెక్కతో, అది ఎంతో తేలిక, గోటితో నొక్కితే గీత పడేంత మెత్తన. పక్కన మట్టి మూకుడులో మక్కు ఉంది. చింతగింజల పొడి జిగురులో సన్నటి రంపపు పొట్టు కలిపి చేసిన ముద్ద అది. చూపుడువేలి కొనతో అంత తీసి విరిగిన చోట రాశాడు, తొండం ఆనించి, రెండు చేతుల బొటనవేళ్లతో అదిమి పట్టుకుని నాతో కబుర్లు చెబుతూనే ఉన్నాడు. బయటికి పొంగిన మక్కును తడి వేలితో తుడిచి, తొండం మడతలకు తగ్గట్టు అందులోనే రెండు గీతలు గీశాడు. ఆరాక గరుకు కాగితంతో రుద్ది, సుద్ద పూసి, ఆపైన రంగు వేసి ఇస్తానని మర్నాడు రమ్మన్నాడు. ఇప్పుడు ఆ తొండం ఎక్కడ విరిగిందో చూపించమంటే నేనే వెతుక్కోవాలి.

ఒక అలంకరణ వస్తువుకు ఇంతకన్నా ఏం కావాలి? దాన్ని పుట్టించిన చేతులు, చెక్క, జిగురు అన్నీ మన జిల్లాలోనే ఉన్నాయి. అయితే ఒక మాట. పొణికి చెట్టు మన కొండల్లో విరివిగా దొరికే రోజులు పోయాయి, చెక్క కోసం కళాకారులు ఇబ్బంది పడుతున్నారు. కాబట్టి అరలు నింపడానికి పది చిన్న బొమ్మలు కొనకండి. దశావతారాలో, ఎడ్లబండో, తాడిచెట్టు ఎక్కే గీత కార్మికుడో, మనసుకు నచ్చిన ఒక్కటి పెద్దది, పనితనం ఉన్నది, చేసినవారి దగ్గరే కొనండి. సహజ రంగులు వేసినవి కావాలని అడగండి. ఎనామెల్ వేసినవే ఎక్కువ కనబడతాయి కానీ అడిగేవారు ఉంటే చేసేవారు ఉంటారు. పాప చేతికి ఇచ్చేవైతే ఏటికొప్పాక లక్క బొమ్మలు తీసుకోండి. అంకుడు కర్రను తరిణి మీద తిప్పుతూ ఆ రాపిడి వేడికే లక్క కరిగి పట్టేలా చేస్తారు, రంగులు చెట్ల నుంచి తీసినవి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పడమటి కిటికీ అంచున మాత్రం పెట్టకండి, మన ఎండకు లక్క మెత్తబడుతుంది.

కిటికీ తెరలకు మంగళగిరి నూలు. ఇంతకంటే దగ్గరి చేనేత మీకు లేదు. కానీ తెరలు కుట్టించడంలో చాలామంది పొరపాటు చేస్తారు. చేనేత గుడ్డ పన్నా తక్కువ, పెద్ద కిటికీకి రెండు మూడు పన్నాలు కలిపి కుట్టాలి, ఆ లెక్కన కొనాలి. కుట్టకముందే ఒకసారి నీళ్లలో తడిపి ఆరేయాలి, నూలు కుంచించుకుంటుంది. కింద మడత నాలుగు అంగుళాలు ఉంచితే, తర్వాత పొట్టి అయినా విప్పి దించుకోవచ్చు. మంగళగిరి గుడ్డకుండే నిజాం అంచు కిందికి వచ్చేలా అడ్డంగా వాడి చూడండి, వేరే ఏ అలంకారమూ అక్కరలేదు. దర్జీ దొరకని ఊరు ఏదైనా ఉందా? చిరిగిన నూలు తెర తలగడ గలీబు అవుతుంది, గలీబు చిరిగితే మసిగుడ్డ అవుతుంది. పాలిస్టర్ తెర చిరిగితే ఏమవుతుంది?

కలంకారీ కొనాలంటే మచిలీపట్నం పక్కన పెడన వెళ్లండి. కరక్కాయ రసంలో ముంచి ఆరబెట్టిన గుడ్డ మీద చెక్క అచ్చులతో నల్లగీత, పటిక అద్ది, రంగులో ఉడికించి, పారే నీటిలో కడిగే పద్ధతి అక్కడిది. నలుపు తుప్పు పట్టిన ఇనుమూ బెల్లమూ నానబెట్టిన నీటి నుంచి వస్తుంది. అదే పేరుతో స్క్రీన్ ప్రింటింగ్ చేసిన రసాయన రంగుల గుడ్డ కూడా అమ్ముతారు. తిప్పి వెనక చూడండి, చెక్క అచ్చు పనిలో అచ్చు అచ్చు కలిసిన చోట వెంట్రుకవాసి తేడా కనబడుతుంది. యంత్రం పొల్లు పోకుండా వేస్తుంది. ఆ తేడాను లోపం అనుకుని పక్కన పెట్టేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. మూర మూర మీదా ఒక మనిషి చెయ్యి ఆనిన గుర్తు అది. కలంకారీని ఎండ పడే కిటికీకి వేలాడదీయకండి, లోపలి గోడకు వేయండి. కుంకుడు రసంతో విడిగా ఉతికి నీడన ఆరేయండి.

మీ హాలు పడమర వైపు ఉందన్నారు. విజయవాడ మే నెల ఎండకు లోపలి తెర ఎంత మందమైనా పూర్తిగా కాపాడదు, అద్దం దాటి లోపలికి వచ్చిన వేడి లోపలే ఉంటుంది. అద్దానికి బయట, బాల్కనీ అంచున వెదురు తెర దించండి. వడగాడ్పులు వీచే మధ్యాహ్నాల్లో వట్టివేళ్ల తడిక కట్టి నీళ్లు చల్లితే గాలి చల్లబడి వస్తుంది, ఆ వాసనకు ఏ అత్తరూ సాటి రాదు. ఉక్కపోత రోజుల్లో మాత్రం పెద్దగా పని చేయదు, గాలిలో అప్పటికే తడి ఉంటుంది కాబట్టి.

నేల మీదికి తుంగ చాపలు. వానాకాలంలో బూజు పట్టకుండా వారానికోసారి ఎత్తి గాలికి ఆరవేస్తే చాలు. గుర్రపుడెక్క నారతో అల్లిన బుట్టలకూ అదే జాగ్రత్త. మన కాలువలను కప్పేసే కలుపు మొక్క ఇంట్లోకి బుట్టై రావడం నాకు ఎంతో ఇష్టం. గుంటూరులో ఒక ఇంటివారు ఇలాంటి ఉత్సాహంతోనే మిర్చి టిక్కీల గోనెలను ఉతికి దిండు గలీబులు కుట్టించారు. రెండు ఉతుకులకూ ఘాటు పోలేదు, ఫ్యాను వేసినప్పుడల్లా పిల్లలు తుమ్మేవారు. గోనె కావాలంటే బియ్యం, పప్పుల సంచులు చూసుకోండి.

రంగుల విషయం. సున్నం వేయించాలని మీరు రాశారు. పిడుగురాళ్ల సున్నం మన పక్కనే ఉంది, గోడ దానితో ఊపిరి పీలుస్తుంది, దాని క్షార గుణానికి బూజు తొందరగా పట్టదు. కానీ మీ గోడలకు బిల్డరు ఇప్పటికే లప్పం పెట్టి ఎమల్షన్ వేసి ఉంటే సున్నం దాని మీద నిలవదు, పొట్టు రాలుతుంది. పాత పూత గీకించి మళ్లీ వేయిస్తే ఆ దుమ్ము, ఆ ఖర్చు అంతా వృథా. ఉన్న రంగు బాగుంటే ఇప్పుడేమీ వేయించకండి. వేయించక తప్పని గదికి తక్కువ వీఓసీ రకం, అంటే గాలిలోకి ఆవిరయ్యే రసాయనాలు తక్కువున్న రంగు తీసుకోండి. రంగు కలిపే యంత్రంలో పోసే ముదురు రంగుల వల్ల కూడా ఆ వాయువులు పెరగవచ్చు కాబట్టి లేత రంగులు మేలు. పాప గది అన్నిటికంటే ముందు వేయించి, రెండు వారాలు కిటికీలు తెరిచి ఉంచి, ఆ తర్వాతే పడుకోనివ్వండి.

ప్లాస్టిక్ తీగలు వద్దు. దుమ్ము పట్టి, ఎండకు వెలిసి, రెండేళ్లకు పారేస్తారు. రెండు కుండీల్లో మనీప్లాంటు, తులసి పెంచుకోండి. మొక్కలు గది గాలిని శుద్ధి చేస్తాయన్న ప్రచారం మూసిన చిన్న పెట్టెల్లో చేసిన ప్రయోగాల నుంచి వచ్చింది, ఇంట్లో ఆ పని కిటికీ తెరిస్తేనే జరుగుతుంది. మొక్కను మొక్కగానే ప్రేమించండి.

ఇక అమ్మా, అత్తగారి బీరువా, మంచం ఎవరికీ ఇవ్వకండి. మీరు కొనాలనుకుంటున్న వాటన్నిటికంటే భూమికి తేలికైనవి అవే.

బీరువా మీద ఎన్ని పొరల ఎనామెల్ ఉందో చూడండి. మన దేశంలో ఇళ్ల రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగులో సీసం ఉండే అవకాశం ఉంది, పిల్లలకు అది విషం. పొడిగా గీకనివ్వకండి. నీళ్లతో తడుపుతూ గీకించండి, పని ఇంటి బయట జరగాలి, పాప ఆ దరిదాపుల్లో ఉండకూడదు, రాలినదంతా తడి గుడ్డతో ఎత్తించాలి. ఆపైన లక్క పాలిష్ గానీ, అవిసె నూనె పలుచగా రెండు మూడు పూతలు గానీ వేయించండి. నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలన పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి బయట తీగ మీద ఆరవేయండి, లేదా నీళ్లలో ముంచి పెట్టండి. ఇది వడ్రంగికి తెలిసినా మీరు మరోసారి చెప్పండి.

మంచానికి పాత నవారు తీసేసి కొత్త నూలు నవారు తెప్పించండి. నైలాన్ కలిసినది చవకగా వస్తుంది, మన వేసవికి ఒళ్లు కాలుతుంది. అల్లే మనిషి కోసం వెతకకముందు అత్తగారిని అడిగి చూడండి. ఆ తరం వారిలో చాలామందికి చేతకాని పని కాదు. పొడవునా ముందు బిగించి, అడ్డంగా ఒకటి పైకి ఒకటి కిందికి దూర్చుకుంటూ రావాలి, వదులు కాకుండా ప్రతి వరుసనూ లాగి పట్టాలి. అల్లేవారి ఎదురుగా కూర్చుని నవారు చుట్ట పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి, ఆ పనికి మీ పాప సరిపోతుంది.